ఊ కొట్టని కిటికీ

నా చిన్నప్పుడు, పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్న రోజుల్లో, మా ఎదురింట్లోకి ఒక జంట కిరాయికి దిగింది. ఆయన ఫ్యాక్టరీలో కరెంటు పని చేసేవాడు. ఆమెను నేను ఎదురింటి అక్క అనేదాన్ని. ఆదివారం చర్చిలో పిల్లలకు కథలు చెప్పేది. మిగతా రోజుల్లో ఆ సరదా తీర్చుకోవడానికి నేను దొరికాను. కథకు ఒకటే షరతు, ఊ కొట్టాలి. నా ఊ ఆగిందంటే ఆమె కథా ఆగిపోయేది. "ఊ అనకుంటే నాకెట్ల తెలుస్తదే, ఇంటున్నవో పండుకున్నవో?" అని బుగ్గ గిల్లేది.

ఒక మధ్యాహ్నం మా రేడియో ముల్లును ఏ స్టేషనూ రాని చోట పెట్టి కూర్చోమంది. కూర్చున్నాను. కాసేపు సుయ్‌మన్న రేడియో ఉన్నట్టుండి గర్ర్‌ర్ అంది, ఆగింది, మళ్లీ గర్ అంది. దయ్యం పట్టిందని కేకలు పెడుతూ వీధిలోకి పరిగెత్తాను. ఎదురు కిటికీలో అక్క పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆమె చేతిలో ఒక పాత కాలింగ్ బెల్లు ఉంది. మోగకుండా దాని గిన్నె ఊడదీసి, బారెడు తీగ కట్టింది. మీట నొక్కితే లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుందనీ, దాని నుంచి కంటికి కనబడని అలలు లేచి, ఏ తీగా లేకుండానే వీధి దాటి మా రేడియోను తాకుతాయనీ చెప్పింది.

వట్టి గర్రుమనే చప్పుడులో మాటలెక్కడున్నాయని వాదించాను. నేను చిన్నప్పటి నుంచీ మొండిదాన్నే. "మాటలెందుకే పిచ్చిపిల్లా? ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. గిట్ల రెండుంటే చాలు, ఏ ముచ్చటైనా పంపొచ్చు" అంది. వాళ్ల నాన్న పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసేవాడట, ఆ విద్య ఆయన దగ్గరే పట్టింది. ఒక్కో అక్షరానికి పొట్టివీ పొడుగువీ కలిపి ఒక వరస పెట్టుకున్నాం. గుణింతాల జోలికి పోతే తల తిరుగుతుందని వాటిని వదిలేశాం. అందుకే మా భాషలో కాకి 'కక' అయింది, మేక 'మక' అయింది. అక్క మీట నొక్కేది, నేను విప్పుకుని వీధి ఇవతల నుంచి ఊ అని అరిచేదాన్ని.

ఆ ఎండాకాలం నాకు అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. పోపు వాసన రాకూడదు, పైవాళ్లు లోపలికి రాకూడదు. అక్క వచ్చి గడప దగ్గరి నుంచే వెనక్కి వెళ్లింది. నన్ను వీధి గదిలో కిటికీ పక్కన పడుకోబెట్టి, గాలి తగలకుండా రెక్క మూశారు. పొద్దుపోవడానికి నాన్న తన చిన్న ట్రాన్సిస్టర్ తలగడ దగ్గర పెట్టాడు.

ఆ సాయంత్రం ముల్లును ఖాళీ చోటికి తిప్పాను. వచ్చింది. పొట్టివీ పొడుగువీ కూడబలుక్కుంటే 'మక'. మేక కథ! ఆ ఒక్క మాటతో కథంతా నాకు గుర్తొచ్చింది. తర్వాత నిశ్శబ్దం. అక్క నా ఊ కోసం ఆగింది. నా గొంతు లోపలంతా పొక్కులు లేచి, గుక్కెడు నీళ్లు కూడా దిగడం లేదు. దుప్పట్లోనే ఊ అనుకున్నాను. కాసేపు చూసి అక్క మళ్లీ అదే మాట పంపింది.

రోజూ సాయంత్రం అదే వరస. ఆ చప్పుడు వింటే రేడియో ఖరాబైందని అమ్మ ఆపేస్తుందేమోనని, దుప్పటి కప్పుకుని చెవికి ఆనించుకునేదాన్ని. అందుకే అమ్మకు ఏమీ తెలియదు. తర్వాత ఒక సాయంత్రం సుయ్‌మనే చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు.

నాకు తలకు నీళ్లు పోసిన రోజు అమ్మ చెప్పింది. ఆయనకు వేరే ఊళ్లో పని దొరికి వాళ్లు ఇల్లు ఖాళీ చేశారట. పోయే ముందు అక్క గడప దాకా వచ్చి, "పిల్ల రేడియో ఇంటున్నదా, వదినా?" అని అడిగిందట. "దానికి రేడియో సోయి యాడిది? జరంల పడున్నది" అందట అమ్మ. అమ్మ తప్పేముంది?

వీధిలోకి ఉరికాను. ఎదురింటికి తాళం. ఏడుస్తూ వెనక్కి తిరిగేసరికి గాలికి మా కిటికీ రెక్క తెరుచుకుని మళ్లీ మూసుకుంది. అప్పుడు తెలిసింది నాకు. తెరిస్తే ఒకటి, మూస్తే ఒకటి. రెండుంటే చాలని అక్క చెప్పనే చెప్పింది. నేనేమో బెల్లు ఉంటేనే జవాబు పంపగలమనుకున్నాను. చెయ్యి చాపితే అందే కిటికీ పక్కనే అన్ని రోజులు పడుకున్నాను.

వాళ్లు ఏ ఊరు పోయారో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. అక్కను మళ్లీ చూడలేదు. ఇప్పుడు ఎవరు ఏం చెబుతున్నా మధ్యమధ్య ఊ అంటూనే ఉంటాను. ఫోన్లో మరీ ఎక్కువని మా పిల్లలు వెక్కిరిస్తారు. నవ్వితే నవ్వనీ. ఇంట్లో పాత రేడియో ఇంకా ఉంది. ముల్లు జరిగి ఆ ఖాళీ చోట సుయ్‌మన్నప్పుడల్లా చేతిలో పని ఆపి కిటికీ దగ్గరికి వెళతాను. రెక్క ఒకసారి మూసి, తెరుస్తాను.