పడేవాడి పక్షం

సాయంత్రం నాలుగుంపావుకు కరెంటు వచ్చింది. మా ఇంటి పడసాలలో గోనెపట్టాల మీద కూర్చుని ఆడవాళ్ళు విత్తనం వేరుశనగ కాయలు ఒలుస్తున్నారు. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఎవరూ టీవీ ఆపలేదు, అందుకని గూట్లో అది దానంతట అదే వెలిగింది. తెర మీద ఇద్దరు ఒకరినొకరు ఎత్తి పడేసుకుంటున్నారు. ఒలిచే చేతులు ఆగలేదు కానీ తలలన్నీ లేచాయి.

"పొడుగాయన వచ్చినాడు," అంది ఎదురింటి అవ్వ.

తొంభైల చివర్లో ఒక వేసవి అది. మాది తనకల్లు దగ్గర పల్లె. ఆ ఏడు శివరాత్రికి ముందు నాయన చనిపోయాడు. నేను అనంతపురంలో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చాను. తొలకరి పడేలోపు విత్తనం సిద్ధం కావాలి. మిషన్‌లో వేస్తే గింజలు బద్దలవుతాయని, బద్ద మొలవదని, అప్పట్లో విత్తనానికి చేత్తోనే ఒలిపించేవాళ్ళు. ఆ పనికి వచ్చిన వాళ్ళు సాయంత్రం ఆ కార్యక్రమం చూడకుండా ఇంటికి పోయేవాళ్ళు కాదు.

ఆ టీవీ కుస్తీని అందరూ ఫైటింగ్ అనేవాళ్ళు. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. తెర మీద ఇంగ్లీషులో పడే పేర్లు నేను ఒకసారి చదివి చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఆడవాళ్ళు పెట్టుకున్న పేర్లు వాళ్ళకున్నాయి. పొడుగాయన, బోడోడు, పసుపు చెడ్డీ ఆయన. ఈ లోకంలో ఇప్పటిదాకా ఫైటింగ్ చేసిన వాళ్ళందరిలో గొప్పోడెవడన్నది రోజూ ఉండే వాదన.

"పొడుగాయనే," అంది అవ్వ. "తాడు దాటేటప్పుడు వొంగను గూడా వొంగడు. ఆ మనిషి ముందర ఎవరు నిలుస్తారు?"

"పొడుగుంటే అయిపోయిందా అవ్వా? కరెంటు స్తంభం గూడా పొడుగే." ఈ మాట అన్నది పక్క వీధికి కొత్తగా వచ్చిన కోడలు. "బోడోడే మొగోడు. వస్తాడు, కొడతాడు, పోతాడు. మాటల్లేవు."

"నీకు బోడోడంటే ఇష్టంలేమ్మే. నీ మొగునికి గూడా యెంటికలు రాలిపోతాండాయి గదా," అంది అవ్వ.

అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది. అమ్మ అంతవరకూ మాట్లాడలేదు.

"మీరంతా ఎత్తేటోన్నే చూస్తాండారు. పడేటోన్ని చూడండి," అంది.

పడేవాడు పసుపు చెడ్డీ ఆయన. పొట్టిగా, కొంచెం పొట్టతో ఉండేవాడు. ప్రతి వారం ఎవరో ఒకరి చేతిలో ఓడిపోయేవాడు.

"ఆయప్ప గెలిచింది యాడుండాది అక్కా?" అంది ఒకామె.

"గెలవడు. పొడుగాయన అంతెత్తున ఎత్తి పడేస్తే మెడ లోపలికి పెట్టుకోని, యీపంతా ఒకేసారి ఆనిచ్చి పడతాడు. నువ్వట్ల పడు చూద్దాం. ఎత్తేదేముండాది, ఎద్దు గూడా ఎత్తుతాది కొమ్ములతో. వాడు సరిగ్గా పడబట్టే గదా వీళ్ళంతా గొప్పోళ్ళయింది."

ఇక్కడ చదివేవాళ్ళకు ఒక పోలిక తోస్తుంది. ఏటేటా ఓడిపోయే ఈ సీమ రైతు, వారం వారం ఓడిపోయే ఆ మనిషి. నాకూ తోచింది. ఒకసారి అమ్మను అడిగాను కూడా. "చేను చేనే, ఫైటింగ్ ఫైటింగే," అంది. ఆమె మాట్లాడింది మెడ గురించి, వీపు గురించి. ఆ వాదనలో ఆమె ఒక్కరోజు కూడా గెలవలేదు. ఒక్కరు కూడా ఆమె పక్షానికి రాలేదు.

అప్పుడే చిన్నాయన వచ్చాడు. నాయనకు తమ్ముడు. ఇళ్ళు రెంటికీ మధ్య ఒకటే గోడ. చేన్లకు మధ్య ఒకటే గట్టు. ఆ ఏడు మా చేను కూడా తానే సాగు పెట్టుకుంటానని అంతకుముందే అమ్మతో అన్నాడు. అమ్మ ఇంకా ఏ సంగతీ చెప్పలేదు.

నేరుగా పోయి టీవీ ఆపేశాడు.

"ఏం వదినా, అన్న పోయి ఎన్నాళ్ళయింది? బట్టల్లేని మగోళ్ళను చూసుకుంటా నగుతాండారు. ఊరు ఏమనుకుంటాది?"

"చెడ్డీలుండాయి గదప్పా," అంది అమ్మ.

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"ఇదంతా దొంగాట వదినా. ఎవరు గెలవల్లని ముందే మాట్లాడుకోనుంటారు."

"మాట్లాడుకోనీ. పడే నడుము దొంగదా?"

లేచి చీర మీది పొట్టు దులుపుకుని టీవీ మళ్ళీ పెట్టింది. చిన్నాయన వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు తల వంచుకుని ఒలిచారు. ఆ రోజు గొప్పోడెవడో ఎవరూ తేల్చలేదు.

ఆ రాత్రి పొయ్యి దగ్గర నేను అడిగాను, ఈ చిన్న విషయానికి తగాదా ఎందుకమ్మా, ఏడాది తిరిగేదాకా టీవీ కట్టేస్తే ఏం పోతుందని.

"టీవీ గురించి మీ చిన్నాయన మాట విన్నాననుకో, రేపు చేను మాట గూడా వినల్ల. చేను నేనే పెడతా," అంది. మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు.

మరుసటి రోజు టీవీలో బొమ్మ రాలేదు. అమ్మ పిలిపిస్తే కేబుల్ అతను వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"వైరు తీసేయమని మీ మరిదే చెప్పినాడక్కా. నేనేం చేసేది? ఈ ఊర్లో తిరగల్ల గదా నేను."

"నిన్నేం అనలేదులేప్పా. పో," అంది అమ్మ.

చిన్నాయన ఇంటికి పోయి గొడవ పడుతుందనుకున్నాను. పోలేదు. నాలుగు గంటలకు కాయల మూట నెత్తికెత్తుకుని బయటికి నడిచింది. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, చేటలు చంకన పెట్టుకుని వెనకే నడిచారు. నేనూ నడిచాను.

బస్సులు ఆగే చోట ఒక టీ అంగడి ఉండేది. దానికి ముందర సిమెంటు కట్ట, లోపల పెద్ద టీవీ. సాయంత్రం ఊరి మగవాళ్ళంతా ఆ కట్ట మీదే. బస్సు కోసం వచ్చిన ఆడవాళ్ళు ఎంతసేపైనా ఎదుట వేపచెట్టు కింద నిలబడేవాళ్ళే కానీ కట్ట మీద కూర్చున్నది లేదు. కూర్చోకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"రోంత జరగప్పా," అంది అమ్మ ఒక పెద్దాయనతో.

ఆయన జరిగాడు. ఆమె మూట విప్పి కూర్చుంది. మిగతావాళ్ళూ కూర్చున్నారు. కాయలు చిట్లే చప్పుడు తప్ప ఇంకో మాట లేదు. మగవాళ్ళు టీ గ్లాసుల్లోకి చూస్తున్నారు. అవ్వ ఎంతసేపు ఓర్చుకోగలదు?

"అదిగో పొడుగాయన!"

"నీకేం తెలుసవ్వా ఫైటింగు?" అన్నాడొకడు.

"నీ కంటే ముందునించి చూస్తాండా పోరా."

అంతే, వాదన అంటుకుంది. మగవాళ్ళలో కూడా సగం మంది బోడోడి వైపు, సగం మంది పొడుగాయన వైపు. కోడలు బోడోడి తరఫున గట్టిగా మాట్లాడింది. అమ్మ పసుపు చెడ్డీ ఆయన సంగతి ఎత్తితే మగవాళ్ళు కూడా నవ్వారు. ఆమె తన మాట మార్చుకోలేదు.

కబురు అందుకుని చిన్నాయన వచ్చాడు. కట్టకు ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంటికి పా వదినా."

"మూట అయిపోతానే వస్తా."

ఆయన నిలబడి ఉండగానే, టీ తాగుతున్న ఒకతను తన వాదన తాను చెప్పుకుపోతున్నాడు. "పొడుగాయన ఒక్కసారి గూడా వోడిపోలేదు గదన్నా. అదీ లెక్క."

"యాడ వోడిపోలేదు?" అన్నాడు చిన్నాయన. "దసరాప్పుడు బోడోడు ఎనకనించి కుర్చీ తీసుకోని కొట్టలేదా? ఆ దెబ్బకు గదా ఆయన పడింది. గెలుపంటారా దాన్ని?"

అన్నాక ఆగిపోయాడు. కట్ట మీది తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

"మామా," అంది కోడలు, "నువ్వు గూడా చూస్తావా?"

అప్పుడు నవ్వారు, మగా ఆడా అందరూ. టీ అంగడి అతను గిన్నె దించి మరీ నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఒలుస్తున్న కాయ చేతిలో పట్టుకుని, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"అయితే నీదెవరి పక్షమప్పా?"

చిన్నాయన వెళ్ళిపోలేదు. స్తంభానికి ఆనుకుని ఆ రోజు కార్యక్రమం అయిపోయేదాకా నిలబడి చూశాడు. మరుసటి పొద్దున మా ఇంటికి కేబుల్ వచ్చింది. చేను మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

అమ్మే విత్తింది. మొలక బాగా వచ్చింది. పూత వేళకు వాన లేదు. చెట్లు పెరికితే అడుగున నేలలోకి దిగిన ఊడలే కానీ కాయల్లేవు. ఆకంతా పశువులకు వేశాం. తన చేను తానే పెట్టింది, తానే పోగొట్టుకుంది. పై ఏడు మళ్ళీ తానే పెట్టింది. కేబుల్ వచ్చాక కూడా ఆడవాళ్ళు ఒలుపు రోజుల్లో కట్ట మీదికే పోయేవాళ్ళు. అక్కడ టీవీ పెద్దదనేవాళ్ళు.

ఆ తరువాత కొన్నేళ్ళకు అమ్మ పోయింది. పెద్దకర్మ నాడు మా బంధువుల కుర్రాళ్ళు ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టారు. అమ్మ మొహం తెల్లగా చేయించి, వెనక తామరపూలు పెట్టించారు. కింద పెద్ద అక్షరాలతో శాంతమూర్తి అని, మితభాషిణి అని రాయించారు. భోజనాల బంతిలో కూర్చుని చిన్నాయన వచ్చినవాళ్ళకు చెబుతున్నాడు.

"మా వదిన దేవత. యేనాడూ నాకు ఎదురు మాట్లాడింది లేదు."

నేను అన్నం వడ్డిస్తున్నాను.

"మాట్లాడింది చిన్నాయనా. కట్ట మీద కూర్చోని ఊరందరి ముందర మాట్లాడింది."

"సచ్చినామె గురించి అట్లంటారామ్మా?"

"మంచే చెప్తాండా. ఉన్నిందున్నెట్లు చెప్తాండా."

ఆయన విస్తరి వైపు చూస్తూ కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకున్నాడు. నేను గిన్నె దించి, వంట దగ్గర నుంచి కత్తి తెచ్చి, ఫ్లెక్సీలో ఆ మాటలున్న మేర కోసేశాను. పేరు, ఫోటో ఉంచాను. తల్లి పోయిన బాధలో అట్లా చేసిందిలే అన్నారు. బాధ ఉంది. కోసింది మాత్రం బాధతో కాదు. నోరు మూసుకోవడానికి ఒప్పుకోని మనిషికి, పోయాక మనం నోరు కుట్టకూడదు.

ఫైటింగ్‌లో గొప్పోడు ఎవడంటే నేను ఇప్పటికీ పడేవాడి పేరే చెబుతాను. ఎవరూ ఒప్పుకోరు. ఊళ్ళోకి విత్తనం ఇప్పుడు ఒలిచినదే మూటల్లో వస్తుంది. టీ అంగడి ఉంది, కట్టకు కొత్తగా బండలు పరిచారు. ఆడవాళ్ళు దాని మీద కూర్చోవడం లేదు.