అత్తయ్య పక్కన చోటు

మా మామయ్య మొన్న ఆదివారం పొద్దున పోయారు. చర్చి గంట మోగుతుంటే చొక్కా గుండీలు పెట్టుకుంటూ మంచం మీదికి ఒరిగారు, అంతే. ఆయనకున్న ఒక్క కోరికా తీర్చలేకపోయాం. ఆ సంగతి మీతో చెప్పుకోవాలనే రాస్తున్నాను.

పెద్ద కోరికేం కాదు. చీరాల అవతల మా ఊళ్ళో సమాధుల తోట సముద్రం పక్కనే ఉంది. మధ్యలో ఇసుక దిబ్బ ఒక్కటే అడ్డం. నేను కాపురానికి రాకముందే పోయిన అత్తయ్యను అక్కడే పెట్టారు. ఆమె పక్కన తనకూ చోటుండాలని, దిబ్బ కొట్టుకుపోకుండా ఆయన మొక్కలు నాటేవారు. సరుగుడు కాదు, బాలబందితీగ, రావణాసురుడి మీసాలని పిలిచే ముళ్ళగడ్డి. "ఈ ఇసుకలో పుట్టినవే దీన్ని పట్టుకుంటాయమ్మాయ్," అనేవారు. వానలు పడగానే తీగముక్కలు తడి గోనెసంచిలో మోసుకెళ్ళి, కణుపులు లోపలికి పోయేలా పాతేవారు.

నేను దర్శి దగ్గర మిరపచేలల్లో పెరిగినదాన్ని. గడ్డి కనబడితే చేతులు ఊరుకోవు. కొత్తకోడలిగా ఉన్నప్పుడు, మామయ్య ఊళ్ళో లేని రోజు చూసి, అత్తయ్య సమాధి దగ్గర శుభ్రం చేద్దామని వెళ్ళి, అవి ఆయన నాటినవని తెలియక, కొంగు బిగించి ఎదురుగా ఉన్న దిబ్బంతా కలుపు తీసేశాను. ఒక్క పరక మిగిలితే ఒట్టు! మెచ్చుకుంటారనుకున్నాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆయనొచ్చి చూసి, నేను పీకిన తీగలు ఒక్కొక్కటీ ఏరి గోనెసంచిలో వేసుకున్నారు. "మీ మిరపచేలో అయితే కలుపుతీతకి నిన్ను ముందు సాల్లో పెట్టేవారమ్మాయ్," అన్నారు చివరికి. ఊళ్ళో ఎవరడిగినా, "మేకలు పడి తినేశాయండి," అనే చెప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత ఇద్దరం కలిసే నాటాం. మిగతా దిబ్బ పచ్చబడింది గానీ, పట్టుకునే వేరు లేక నేను పీకినచోట గాలి అప్పటికే గండి పెట్టేసింది. ఏటా నాటడం, గాలివానకి పోవడం. "నిదానంగా పట్టుకుంటుందిలేమ్మా, తొందరేముంది," అనేవారు. తొందరుందని ఇద్దరికీ తెలుసు. పోయిన తుఫానుకి ఆ గండిలోంచే సముద్రం వచ్చి, అత్తయ్య పక్కనున్న చోటంతా కోసుకుపోయింది.

సోమవారం అక్కడ గొయ్యి కుదరదన్నారు. "రెండడుగులకే ఉప్పునీళ్ళు పడుతున్నాయి. ఎక్కడ తవ్వమంటావో నువ్వే చెప్పమ్మా," అన్నాడు సంఘపెద్ద. రోడ్డవతల కొత్త స్థలంలో, గట్టినేలని పలుగులతో తవ్వి, ఆయన్ని ఒక్కరినే పెట్టి వచ్చాం.

సాయంత్రం దిబ్బ దగ్గరికి వెళ్ళాను. తెగిన అంచున ఆయన నాటిన తీగల వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. కింద అత్తయ్య సమాధి ఒక మూల బయటపడింది. జారుతున్న ఇసుకని రెండు చేతులతో పైకి తోశాను. జారింది. మళ్ళీ తోశాను.