పరుపుల గోదాములో తయారైన తిరుగుబాటు

మా బావ పరుపులు అమ్ముతాడు, డ్రమ్స్ వాయిస్తాడు. ఈ రెండిట్లో ఏది ముందు చెప్పాలన్న దాని మీద ఆయనకూ మా అక్కకూ పెళ్ళైన నాటి నుంచీ పేచీ. నేను అక్క తమ్ముణ్ణి కాబట్టి పరుపులు ముందు చెప్పాను.

కొట్టు వెనక గోదాములో నాలుగు గోడలకూ పరుపులు నిలువుగా ఆనించి ఉంటాయి. లోపల ఎంత గట్టిగా అరిచినా చప్పుడు బయటికి పోదు. ఈ సంగతి కనిపెట్టినవాడు పళ్ళ డాక్టరు. నడుంనొప్పికి పరుపు కొందామని వచ్చి, గోదాము చూసి, నడుం సంగతి మర్చిపోయాడు. ఆయనకో రాక్ బ్యాండ్ ఉంది. పాటలు రాసేదీ పాడేదీ ఆయనే. కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్ ఒకడు గిటార్ వాయిస్తాడు, రికార్డింగూ వాడే చేస్తాడు. డ్రమ్స్‌కి మాత్రం మనిషి లేడు. బావ ఆ సాయంత్రమే అటక మీద నుంచి తన పాత డ్రమ్స్ దించి దుమ్ము దులిపాడు.

బ్యాండులో చేరిన రోజు నుంచీ ఆయనకు ఒకటే అనుమానం. "వీళ్ళకు కావాల్సింది నేనంటావా, నా గోదామంటావా?" అని నన్నడిగాడు. "నువ్వే బావా" అన్నాను. అబద్ధం చెప్పేటప్పుడు నేను ఎదుటివాళ్ళ మొహం చూడను. ఆయన కూడా చూడమని పట్టుబట్టలేదు.

మొదటి ఆల్బం ఎనిమిది పాటలు. పేరు 'నోరులేనివాళ్ళు'. లోకంలో ఎవరి మాటా ఎవరూ వినడం లేదని డాక్టరుగారి ఆవేదన. పొద్దస్తమానం జనం చేత నోళ్ళు తెరిపించి, ఒక్క ముక్క మాట్లాడనివ్వని మనిషికి ఈ ఆవేదన ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆకలి మీద పాటను కడుపునిండా భోంచేసి వచ్చి రాశాడు. గోడలు బద్దలు కొట్టమనే పాట రికార్డు చేసినన్నాళ్ళూ, పరుపులు జారతాయి, గోడల జోలికి ఎవరూ వెళ్ళొద్దని బతిమాలాడు.

ఆయన క్లినిక్కుకు మధ్యాహ్నాలు సెలవు. అందుకని రికార్డింగు మధ్యాహ్నం పెట్టారు. మా కొట్టుకు గిరాకీ ఉండేదీ అప్పుడే. మూడో పాట సగంలో ఉండగా అక్క వచ్చి గోడకున్న పెద్ద పరుపు అమ్మేసి పట్టుకుపోయింది. దాంతో ఆ పాట మొదటి సగం మెత్తగా, రెండో సగం బావిలోంచి వస్తున్నట్టు తయారైంది. డాక్టరు రెండుసార్లు విని, ఇది ప్రయోగం అన్నాడు. అక్క మాత్రం ఇది బేరం అంది.

అసలు చిక్కు అది కాదు. కొట్టు తలుపు తెరిస్తే గోదాములో మోగే గంట ఒకటి ఉంది. పదహారేళ్ళుగా అది మోగగానే బావ లేచి పరిగెత్తడం అలవాటు. ఇప్పుడు లేవడానికి వీల్లేదు కాబట్టి కాళ్ళకు బదులు చేతులు పరిగెత్తేవి. గంట మోగిన ప్రతిసారీ పాట వేగం పెరిగేది, డాక్టరు ఊపిరి అందక వెనకబడేవాడు. ఇది నేనూ అక్కా కనిపెట్టాం గానీ బావకు తెలీదు. ఏడు నెలలు వేళ్ళకు ప్లాస్టర్లు చుట్టుకుని వాయించాడు. ఆయన కోరిందల్లా ఒక్కటే, తను వాయించింది తను లేనిచోట కూడా ఎవరికైనా వినబడాలని. ఆయన ఇంకేమీ అడగలేదు.

ఆల్బం పూర్తయిందని మెకానిక్ ఒక ఆదివారం పొద్దున డాక్టరును వెంటబెట్టుకుని, ల్యాప్‌టాప్ తెచ్చి కొట్టులోనే వినిపించాడు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని పరుపు అంచున కూర్చున్నాడు. మొదటి పాట గడియారంలా నడిచింది, ఎక్కడా తడబాటు లేదు. రెండోదీ అంతే. బావ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఇది ఆయన వాయించింది కాదు," అంది అక్క. ఆవిడకు పాటల గురించి ఏమీ తెలీదు, మొగుడి గురించి తెలుసు.

మెకానిక్ నేల చూపులు చూశాడు. "అన్నయ్య వేగం మారిపోతోంది వదినా. కంప్యూటర్ డ్రమ్స్ పెట్టాల్సొచ్చింది."

"ఆల్బం వెనక మీ పేరే ముందుంటుంది," అన్నాడు డాక్టరు. "గోదాము ఇచ్చినందుకు కృతజ్ఞతలని."

బావ ల్యాప్‌టాప్ దగ్గరికి జరిగాడు. మెకానిక్‌ని అడిగాడు, "నాది ఒక్క దెబ్బైనా ఉందా?"

"నాలుగో పాట మొదట్లో వన్ టూ త్రీ ఫోర్ అని లెక్కపెట్టింది మీరే అన్నయ్యా. అది ఉంచాను."

ఆ ముక్క పెట్టించుకుని విన్నాడు. అవును, ఆయన గొంతే. గాభరాగా, సంతోషంగా ఉంది.

"అదీ తీసెయ్," అన్నాడు బావ.

"బాగుంది కదన్నయ్యా."

"నేను లెక్కపెట్టింది నేను వాయించడానికి."

మెకానిక్ డాక్టరు వైపు చూశాడు. నోరులేనివాళ్ళ కోసం ఎనిమిది పాటలు రాసిన మనిషి సరేనన్నట్టు తలూపాడు. తీసెయ్యడానికి నిమిషం కూడా పట్టలేదు. ఇప్పుడు ఆ నాలుగో పాట ఎవరూ మొదలుపెట్టకుండానే మొదలవుతుంది.