గేదెకు మారకంగా మోటారు సైకిలు

యుద్ధం ముగిసిన కొత్తలో బెంగుళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, మిలిటరీ సామాన్లు చవగ్గా చేతులు మారుతుండేవి. మా ఇల్లు గడిచేది ఒక్క పాడిగేదె మీద. దాన్ని ఇంటింటికీ తోలుకెళ్లి, వాళ్ల వాకిట్లోనే పితికి పాలు పోసేవాణ్ణి. ఆ గేదెనిస్తే పక్కన మనిషి కూర్చునే తొట్టి ఉన్న తన పెద్ద మోటారు సైకిలు ఇస్తానన్నాడు ఒక సైనికుల మెస్సు కంట్రాక్టరు. మామగారి ఊరు దొడ్డబళ్ళాపురానికి దొరలా వెళ్లొచ్చని నాకు ఆశ పుట్టింది.

"బండిని వాకిట్లో నిలబెట్టి పితుకుతావా?" అంది మా ఆవిడ. అయినా చూద్దామని తొట్టిలో కూర్చుంది. నేను కంట్రాక్టరు వెనక ఎక్కాను.

ఇంజను వేడెక్కగానే కుళ్లిన కంపు లేచింది. నా తెల్లపంచె మీద జిడ్డు చిందసాగింది. దండులోని కుక్కలన్నీ వెంటబడ్డాయి. అబద్ధమైతే మీసం తీసేస్తాను, వాటిలో రెండు మైసూరు నుంచి వచ్చినవి! ఒకటి నా పంచెను నాకింది కూడా.

"ఏం నూనె పోసినావప్పా?" అని అరిచాను.

"యుద్ధంలో నూనె యాడ దొరుకుతాది? మెస్సులో మిగిలిన పందికొవ్వు గొలుసుకు పూసినా. ఏండ్లాయె, ఇంకా కరుగుతానే ఉండాది!"

బండి ఆపించి రోడ్డు పక్కన కక్కుకున్నాను.

"కడిగితే పోతాదిలేప్పా. ఎనుమును ఎప్పుడు తోలిస్తావు?" అన్నాడు.

"మా ఎనుము పేడ దీనిముందు అత్తరు, పోప్పా!" అంది మా ఆవిడ.

నడిచే ఇల్లు చేరాం. నన్ను పెరట్లో నిలబెట్టి, చర్మం ఊడేలా సీకాయతో తోమింది. అంత కంపులోనూ బండి చప్పుడు మాత్రం బాగుందని ఆవిడతో అనే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.