ఇరవై ఒకటో గుర్రం

ఆ వేసవిలో పోయినవాటి లెక్క ముందు చెబుతాను. వానకు కరిగిన మట్టి గుర్రాలు రెండు. కాళ్లు విరిగినవి మూడు. తోకలు ఊడినవి ఐదు ఉన్నాయి గాని, తోక లేకపోయినా గుర్రం గుర్రమేనని తీర్మానించుకున్నాం కాబట్టి వాటిని పోయినవాటిలో కలపను. నా కుడి మోకాలి మీద రూపాయి బిళ్లంత చర్మం. చివరికి ఒక నీలి గుర్రం.

మొదట చేసినవి ఇరవై ఆరు. చేసింది మా పెద్దమ్మ బిడ్డ, నాకంటే రెండేళ్లు పెద్దది. పాలంపేట దగ్గరి పల్లె నుంచి ప్రతి ఎండాకాలం కొత్తవాడలోని మా ఇంటికి వచ్చేది. నేను మట్టి పిసికితే కుక్కో మేకో అయ్యేది. ఆమె పిసికితే గుర్రం మెడ తిప్పి చూసేది. డెబ్బైల చివరి సంగతి, నాకప్పుడు పదేళ్లు.

పక్కింటివాళ్లు జంపఖానాలు నేసేవారు. చారలు తప్పుగా పడి అమ్ముడుపోని ఒకదాన్ని మాకిచ్చారు. ముందుగదిలో పరిస్తే అదే మా రాజ్యం. నీలం చార చెరువు, ఆకుపచ్చది అడవి, ఎర్రది మంటలు. విరిగినవీ కరిగినవీ పోను మిగిలిన ఇరవై ఒక్క గుర్రాలు చారకు ఏడు చొప్పున నిలబడేవి. ఒక్కోసారి ఒక్కటే తేవాలి. చెరువులోది కావాలంటే ఊపిరి బిగబట్టి పోయి రావాలి. అడవిలోది కళ్లు మూసుకుని తడుముకోవాలి. మంటల్లోదానికి కుంటికాలితో గెంతాలి. తెచ్చినవాటిని గడప పక్కన బియ్యపు చాటలో పెట్టాలి, అది కోట. అన్నీ వచ్చాక 'కోట మూసిన' అని అరవాలి. నేను రౌతును, అక్క మంత్రగత్తె. ఆటలో ఒక్కసారి ఆమె 'రాయి' అంటే, ఆమె పది లెక్కపెట్టేదాకా నేను కదలకూడదు.

మాకు గడియారం లేదు. మధ్యాహ్నం మిల్లు సైరన్ రెండుసార్లు మోగేది, షిఫ్టువాళ్లను పిలవడానికి ఒకటి, పని మొదలుపెట్టడానికి ఒకటి. ఆ రెండింటి మధ్యనే ఆట. అన్నీ తెస్తే వాటిలోని నీలి గుర్రం నాది, తేలేకపోతే సెలవుల చివర అక్క దాన్ని తీసుకుపోతుంది. పక్కింటివాళ్ల అద్దకం తొట్టిలో మిగిలిన రంగులో ముంచిన గుర్రం అది. అలాంటిది ఇంకొకటి లేదు.

మొదటివారం పదమూడు దాటలేదు. ఎందుకు దాటడం లేదా అని గమనించడం మొదలుపెట్టాను. గెంతి వచ్చాక ఊపిరి నిలవడం లేదు. అందుకని చెరువును ముందు పెట్టుకున్నాను. పదిహేడు వచ్చాయి. ఒక్కో చారలో దూరపువాటిని ముందు తెచ్చి దగ్గరివి చివరకు ఉంచుకుంటే పంతొమ్మిది. దారి మొత్తం అంతే కదా, వరస మారితే ఎక్కువ ఎట్లా వస్తున్నాయో నాకు అర్థం కాలేదు. అలసిన కాలికి అదే దూరం ఎక్కువవుతుందని తర్వాత తెలిసింది. ఏడో తరగతితో బడి మానేసినా లెక్కలతో వదలకుండా కూర్చోవడం నాకు అక్కడే అలవాటైంది.

చివరి రోజు వచ్చింది. మర్నాడు పొద్దున అక్క బస్సు. మా తాత ధాన్యం కొలిచేవాడు. మొదటి కుంచం పోస్తూ ఎప్పుడూ 'ఒకటి' అనేవాడు కాదు, 'లాభం' అనేవాడు. మంచి జరుగుతుందని నేనూ ఆ రోజు అట్లాగే మొదలుపెట్టాను. తొలి గుర్రాన్ని చాటలో పెట్టి 'లాభం' అన్నాను. వెంటనే అక్క 'రాయి' అంది. నేను నిలబడిపోయాను. ఆమె తీరుబడిగా ఒకటి నుంచి పదిదాకా లెక్కపెట్టింది. కదలగానే రెండో గుర్రం తెచ్చి పెట్టి, 'ఒకటి' అన్నాను.

ఆ తర్వాత తప్పులేదు. చెరువు అయింది, అడవి అయింది. మంటల్లో ఒకసారి మోకాలు నేలకు గీసుకుంది, ఆగలేదు. చేతిలోదాన్ని పెట్టి 'ఇరవై' అన్నాను. సైరన్ ఇంకా మోగలేదు. ఇంకొక్కటే కదా అని జంపఖానా వైపు తిరిగితే ఒక్క గుర్రం కూడా లేదు. అంచులు ఎత్తి చూశాను, తలుపు వెనక చూశాను.

"ఏందే రౌతూ, గుర్రాలను పడ్తానవా, ఈగలను కొడ్తానవా?" అంది అక్క.

"ఒక్కటి తక్కువున్నది. నువ్వే దాసినవ్."

ఆమె రెండు చేతులూ చాపి చూపించింది. నేను మంచం కిందికి దూరాను. అక్కడుండగానే సైరన్ మోగింది.

తాతను పిలుచుకొచ్చాను. ఆయన చాట ముందు కూర్చుని ధాన్యం కొలిచినట్టే ఒక్కొక్కటి తీసి నేల మీద పెట్టాడు. లాభం, రెండు, మూడు. ఏడు దగ్గర, ఆ మాటలో ఏడుపు వినిపిస్తుందని, ఆరున్నొకటి అన్నాడు. ఇరవై ఒకటి దగ్గర చాట ఖాళీ అయింది.

"లాభమంటే ఒకటే బిడ్డా," అన్నాడు. "దానెన్క రెండు రావాలె. నువ్వు మళ్ల ఒకటి అన్నవా?"

అన్నీ సమయానికే వచ్చాయి గాని కోట మూయలేదు. ఆట ఆటేనని అక్క నీలి గుర్రాన్ని పాత గుడ్డలో చుట్టుకుంది. తాత కూడా అదే న్యాయమన్నాడు.

మర్నాడు బస్సు కిటికీ దగ్గర ఆమె ఒళ్లో ఆ మూట ఉంది. నేను దానివైపు చూడకుండా టైర్ల వైపు చూస్తున్నాను.

"నిన్న నేను గూడ లెక్కపెట్టిన," అంది. "అన్ని అచ్చినయని నాకెర్కే. నువ్వు మంచం కింద దేవులాడుతాంటే నవ్వు ఆపుకున్న. నీకు బాకీ పడ్డ పో, చేసిస్త."

"ఎన్ని?"

"లాభం," అంది, బస్సు కదులుతుంటే.

మరుసటి వేసవికి ఆమె హాస్టల్లో చేరింది, సెలవులకు రాలేదు. నీలి గుర్రం వాళ్లింటి గూట్లో ఉండి ఉండి చెవి రాలిపోయిందట. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాను. మట్టి తడుపుతాననే అంటుంది. రాతలో పెట్టేటప్పుడు మాత్రం తాత మాట కాకుండా అంకెనే వాడాలి కాబట్టి, రావలసిన గుర్రాలు: ఒకటి.