జువాంగ్ మాస్టారిని తిట్టిన నిఘంటువు

తిట్టు చెవిన పడితే చాలు, జువాంగ్ మాస్టారి జేబులోంచి చీటీ బయటికొస్తుంది. ఆ తిట్టు తనకే తగిలినా సరే. "ఇంకోసారి, కాస్త నెమ్మదిగా అనండి" అంటారు. తైనాన్‌లో ఆయన్ని ఒకసారి తిట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, రెండోసారి తిట్టే ఓపిక ఎవరికీ లేదు.

పందొమ్మిదేళ్ళుగా ఆయనా నేనూ తైవానీ మాటల నిఘంటువు చేస్తున్నాం. ఆయనది ఒక్కటే పట్టు. ప్రతి మాటకీ ఎవరో నిజంగా అన్న వాక్యం ఉండాలి, అన్నవాళ్ళ పేరుతో, తిట్టయితే పడ్డవాళ్ళ పేరుతో కూడా. ఆ పట్టు మోసీ మోసీ నా నడుం వంగిపోయింది.

అచ్చుకి పంపే ముందు లెక్క చూస్తే, బతికున్న పెద్దమనుషుల మీద తిట్లు నలభై మూడు తేలాయి. మొదటిదే, "ఆ కౌన్సిలర్ కే గాడి మొహం పంపరపనస తొక్క కన్నా మందం." అంటే సిగ్గులేనివాడని. అన్నది మార్కెట్లో చేపలమ్మే బీగ్యోక్.

"మాస్టారూ, కౌన్సిలర్ బతికే ఉన్నాడు."

"తిట్టూ బతికే ఉందిగా!"

"మార్కెట్లో కొట్లు ఇచ్చేది ఆయనే. బీగ్యోక్ కొట్టు పోతుంది."

మాస్టారు ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూశారు.

"పేరు మార్చేద్దాం" అన్నాను.

"అది అబద్ధం" అని గొణిగి, గొడుగు పుచ్చుకుని వెళ్ళిపోయారు.

ఆ నెలంతా నాకు మార్కెట్టు నుంచి ఫిర్యాదులే. మాస్టారు టోఫూని వేలితో పొడిచారట. వరసలో అందరినీ తోసుకుని ముందుకెళ్ళారట. మతి పోయిందనుకుని, తీసుకొద్దామని ఈసురోమంటూ వెళ్ళాను.

బీగ్యోక్ చేపకత్తి ఝళిపిస్తోంది. "మూడ్రోజుల్నించి ప్రతి చేపనీ పిసికి ఒక్కటీ కొనవు! నీ మొహం పంపరపనస తొక్క కన్నా మందం!"

మాస్టారి మొహం వెలిగిపోయింది. "ఇంకోసారి తల్లీ, నెమ్మదిగా."

అప్పుడర్థమైంది నాకు. పెద్దమనుషుల పేర్ల చోట తన పేరు పడేలా, నలభై మూడు తిట్లూ ఆయనే నిజంగా తిని వచ్చారు. పాత చీటీలు బిస్కెట్ల డబ్బాలో పెట్టి, పైన "వాళ్ళు పోయాక వెయ్యాలి" అని రాశారు.

పుస్తకం ఆవిష్కరించింది ఆ కౌన్సిలర్ కే గారే. పేజీలు తిప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఊరంతా మిమ్మల్నే తిట్టిందేంటండీ!"

"బతికున్నవాళ్ళలో తీరిగ్గా ఉన్నది నేనేనండి."

సభ అయ్యాక బీగ్యోక్ ఓ పొట్లం ఆయన చేతిలో కుక్కింది. పుస్తకంలో తన వాక్యం చూసుకున్నట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పెద్ద చేప. పిసకొద్దు, తిను. పిచ్చి ముసలోడా!"

మాస్టారి చెయ్యి జేబులోకి వెళ్ళబోయింది. గట్టిగా పట్టుకున్నాను.

"అచ్చయిపోయింది మాస్టారూ."