అద్దంలోంచి తిరిగొచ్చిన దీపం

ఈరోజు వడ్రంగి దుకాణం ముందు టేకు పొట్టు వాసన తగిలి కాళ్ళు ఆగిపోయాయి. పెడనలో మా నాన్న టేకు చెక్కమీద కలంకారీ అచ్చులు చెక్కేవారు. నేను పదో తరగతికి వచ్చేసరికి ఆయన చూపు దాదాపు పోయింది. కంటి నరం ఎండిపోయిందనీ, ఏ కళ్ళజోడూ పనికిరాదనీ బందరు డాక్టరు చెప్పేశారు.

ఆ వారమే సైన్సు మాస్టారు దీపం ముందు కుంభాకార కటకం, దాని వెనక అద్దం నిలబెట్టారు. అద్దం వెలుగును వెనక్కి పంపింది. కటకం దాన్ని పోగుచేసి, దీపం పక్కనున్న అట్టమీద తలకిందుల బొమ్మ కట్టింది. కళ్ళజోడు చాలకపోతే అద్దం వెలుగును మళ్ళీ పంపుతుందిగా, డాక్టరు ఆ సంగతి మరిచిపోయారనుకున్నాను నేను.

ఆదివారం తలుపులు మూసి, నాన్నను అట్ట ముందు కూర్చోబెట్టి, ఆయన భూతద్దం, అమ్మ అద్దం వరసగా నిలబెట్టి దీపం వెలిగించాను. అట్టమీద చిన్న మంట నిలిచింది.

"నాన్నా, బొమ్మ తిరగబడి ఉంటుంది, చూడు!"

ఇంతలో అమ్మ తలుపు తీసింది. గాలికి దీపం ఆరిపోయింది.

"ఆఁ, కనిపిస్తోంది తల్లీ. తిరగబడే ఉంది," అన్నారు నాన్న. "మీ మాస్టారి కంటే నువ్వే నయమే! రేపట్నుంచి పనిలో కూర్చుంటాను."

అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

మర్నాడు నిజంగానే కూర్చున్నారు. చెక్కమీది గీతపై కాక ఉలి పక్కన పడుతూ పోయింది.

"కుదిరిందా తల్లీ?" అంటూ చెక్క నా చేతికిచ్చారు.

"కుదిరింది నాన్నా," అన్నాను.

ఆ తర్వాత ఎన్ని చెక్కలు పాడైనా ఆయన ఆ మాటే అడిగేవారు, నేను ఆ మాటే చెప్పేదాన్ని.